శనివారం పనికి రానన్న రోజులు

మొన్న కెనడాలో, మా బ్రాంప్టన్‌లో బస్సు దిగుతుంటే, ఒకప్పుడు నేను పెట్టెలు సర్దిన గోడౌన్ తలుపుకు అద్దెకిస్తామన్న బోర్డు కనిపించి కాళ్ళు అక్కడే ఆగిపోయాయి. కాలేజీలన్నీ మన తెలుగు పిల్లలతో కిటకిటలాడిన ఆ ఏళ్ళలో, ముప్పై ఎనిమిదేళ్ళ వయసులో స్టూడెంట్ వీసా మీద వచ్చి, మేనకోడళ్ళ ఈడు వాళ్ళ పక్కన బెంచీ మీద కూర్చున్నదాన్ని నేను. గుంటూరు దగ్గర మా పేటలో మేము కొద్ది ఇళ్ళవాళ్ళం యూదులం. శుక్రవారం పొద్దుగూకకముందే అమ్మ దీపాలు వెలిగిస్తే, మర్నాడు చీకటిపడేదాకా మాకు విశ్రాంతి దినం. కామందులు ఎంత తిట్టినా సరే, పని ముట్టేవాళ్ళం కాము.

గోడౌన్ సూపర్‌వైజరు తెలంగాణ కుర్రాడు, మంచివాడే.

"గుంటూరుల యూదులేంది అక్కా? శనివారం రాకుంటే షిఫ్టులు కట్ అయితయ్ మల్ల."

"కట్ చేసుకో తమ్ముడూ, నేను మాత్రం రాను," అన్నాను. అన్నంత పనీ చేశాడు. బేస్‌మెంట్‌లో నాతో ఉండే అమ్మాయిలు మా పేట పేరు విని కులం లెక్కగట్టి, యూదురాలినన్నదంతా ఇక్కడ స్థిరపడే పీఆర్ కాగితం కోసం వేసిన ఎత్తని చెవులు కొరుక్కున్నారు. రెండు వారాలు తిరిగి తిరిగి ఒక వృద్ధాశ్రమం వంటింట్లో పని వెతుక్కున్నానే గాని శనివారాన్ని వదల్లేదు.

టొరంటో ఉత్తరాన ఒక యూదుల ప్రార్థనామందిరంలో ఆదివారాలు ఆడవాళ్ళకు మా ధర్మగ్రంథం తోరా పాఠం జరిగేది. ఇద్దరేసి కూర్చుని గొంతెత్తి వాదించుకుంటూ చదవడం అక్కడి పద్ధతి. వెళ్ళిన మొదటి రోజే ఒకావిడ, నేను యూదురాలినన్న రుజువు కాగితం ఉందా అని అడిగింది. ఆ వారం పాఠం, కొడుకులు లేని తండ్రి భూమిలో వాటా ఇమ్మని మోషే ఎదుట నిలబడిన అయిదుగురు అక్కచెల్లెళ్ళది. నేను లేచాను.

"వీళ్ళనెవరైనా కాగితం అడిగారా? మా నాన్న నాకు వదిలిపోయింది ఇదొక్కటే. నా వాటా నేను అడుగుతున్నాను."

పాఠం చెప్పే ముసలావిడ కళ్ళద్దాలు సవరించుకుంది. "వాళ్ళ నాన్నెవరో అక్కడ అందరికీ తెలుసమ్మా."

"మా నాన్నెవరో మా పేటలో అందరికీ తెలుసు."

ఆవిడ నవ్వలేదు. నేనెవరో తేల్చే అధికారం తనకు లేదనీ, చదువుకునే హక్కు మాత్రం ఎవరూ తీసెయ్యలేరనీ చెప్పి, నా వాదనలో ఇంకా లొసుగులున్నాయంటూ పక్క కుర్చీ లాగింది. ఆరేళ్ళు ఆ కుర్చీలో కూర్చుని ఆవిడతో పోట్లాడాను.

ఆవిడ పోయి రెండేళ్ళయింది. ఆ కాగితం కోసం నేనెవరి గడపా తొక్కలేదు, తొక్కను. ఇప్పుడా పాఠంలో నన్నెవరూ ఏమీ అడగరు. మర్యాదగా చోటిస్తారు, నేను తప్పు చదివినా తలలూపుతారు. ఆ మర్యాద చూసినప్పుడల్లా, నువ్వు పొరబడ్డావని మొహం మీదే చెప్పి కూర్చోబెట్టుకున్న మనిషి మళ్ళీ దొరకదు కదా అనిపిస్తుంది.