గార్డు ఎక్కని రైలు

మా డ్రాయింగు సారు పోయారన్న కబురు, కరీంనగర్‌లో నా ఫోన్ల రిపేరు దుకాణం తెరుస్తుండగా తెలిసింది. ఫోన్ చేసింది సారు భార్య. ఆయన శిష్యులమంతా ఆమెను అమ్మా అనే పిలుస్తాం. "మీ సారు పోయిండు బిడ్డా. చాయ్ ఇద్దామని లేపితె లేవలే" అంది. సగం ఎత్తిన షట్టర్ మళ్లీ దించి, బండి తీశాను.

మీలో చాలామందికి సారు తెలియదు. సన్మానాలు జరిగిన మనిషి కాదు. చొప్పదండి సర్కారు బడిలో మాకు బొమ్మలు వేయడం నేర్పారు. ఒకసారి రైలు గీయమన్నారు. అందరం ఇంజను గీసి, దాని నెత్తిన ఇంత పొగ పెట్టి మురిసిపోయాం. నా కాగితం మూడో డబ్బాతోనే అయిపోయింది. సారు వంగి చూసి, "గార్డేడిరా?" అన్నారు.

"కాగితం అయిపోయింది సార్."

"కాగితం అయిపోతె బండి ఆగుతదా?" అని తన పుస్తకంలోంచి ఒక కాగితం చింపి, బంకతో అతికించి, అందులో గార్డు డబ్బా గీయించారు. సారు వాళ్ల నాయన గూడ్సు బండికి గార్డు. "ఇంజనును అందరు సూస్తరు. ఎనుక గార్డు పచ్చజెండ ఊపకుంటె గా ఇంజను ఏం జేస్తది?" అని సారు ఎన్నిసార్లు అన్నారో లెక్కలేదు.

ఆయన రైలు పిచ్చి కాగితాలతో ఆగలేదు. దుబాయిలో పనిచేసే బామ్మర్ది సెలవుకు వచ్చినప్పుడల్లా సారు కోసం ఒక కిట్టు తెచ్చేవాడు. పెట్టె నిండా అగ్గిపుల్లలంత ముక్కలు. ఓపికగా అతికించి రంగు వేసుకుంటే చిన్న రైలు తయారవుతుంది. మొదట ఇంజను వచ్చింది, తర్వాత మూడు డబ్బాలు. ఐదోసారి గార్డు డబ్బా తెస్తానన్నవాడు ఉత్త చేతులతో వచ్చాడు. కంపెనీ ఆ రైలు చేయడమే మానేసిందట.

పట్టాలున్నాయి, మోటారుంది, ఇంట్లో కరెంటూ ఉంది. అయినా సారు ఆ రైలును ఒక్కసారి కూడా నడపలేదు. పిల్లలు ఎంత బతిమాలినా ఒకటే జవాబు: "గార్డు ఎక్కలే." అట్టతో ఒక డబ్బా చేసిస్తానన్నాను. "గది అర్జీ పెట్టుకున్న గార్డురా, డ్యూటీల ఉన్న గార్డు గాదు" అన్నారు. ఇంత వయసొచ్చినా ఏం పంతమని నవ్వుకునేవాణ్ణి.

రిటైరయ్యాక వారానికోసారి నా దుకాణానికి వచ్చేవారు. స్టూలు లాక్కుని, అంగీ అంచుతో అద్దాలు తుడుచుకుని, "జర సూడురా, యాడన్న ఉన్నదా?" అనేవారు. పాత బొమ్మ రైళ్లు కొని అమ్ముకునేవాళ్ల గుంపు ఒకటి ఫోన్లో నేనే వెతికాను. అందులో దొరికింది గార్డు డబ్బా. ధర సారు నెల పింఛనులో పావు వంతు. ఇంకో నెల ఆగుదామన్నారు. నెల తిరిగేసరికి సగం పింఛనైంది. ఆ తర్వాత మొత్తం పింఛను. కొనేవాళ్లలో సగం మంది రైలు నడపరట. ఇంకా పెరుగుతుందని బీరువాలో దాచుకుంటారట. పెట్టె తెరవకుండా ఉంచితే మరీ ఎక్కువ పలుకుతుందట. సారు పడీపడీ నవ్వారు. "అంటె కట్టినోని కంటె కట్టనోనికే గిట్టుబాటు! మంచిగున్నది."

మన ఇంజనుకూ మంచి ధర ఉంది, అది అమ్మి గార్డును కొందామన్నాను. "గార్డు వచ్చి జెండ ఊపుతడు. ఎవనికి ఊపాలె?" అన్నారు. పోనీ, నేను కొంత వేస్తానంటే, "గురువుకు బట్టలు పెట్టురా, బొమ్మలు గాదు" అన్నారు.

కిందటి చలికాలం సారు గుండె జబ్బు ముదిరింది. రైలు ఒక్కసారైనా నడవకుండానే ఈ మనిషి పోతారేమోనని నాకు భయం పట్టుకుంది. ఆ భయంలోనే తప్పు చేశాను. మన దగ్గర కూరగాయల బేరంలో కూడా ఇంటి కష్టమంతా చెప్పుకుంటాం కదా, చెబితే ఎదుటివాడు కరుగుతాడని. అట్లాగే ఆ అమ్మేవాడికి రాశాను: మా సారు పెద్దమనిషి, పానం బాగలేదు, ఏళ్లుగా ఈ ఒక్క డబ్బా కోసమే చూస్తున్నారు, జర దయ చూడండి అని. తెల్లారేసరికి ధర రెండింతలైంది. నన్ను నేను చెప్పుతో కొట్టుకోవాలనిపించింది.

దాచలేక సారుకు చెప్పేశాను. మంచం మీద నుంచే నవ్వారు. "నువ్వు బేరం జేయలేదురా. వాని ముంగట నా జాతకం సదివినవ్."

"దొరుకుతది సార్. ఇంకోడెవడో ఇస్తడు. మీరు ఫికర్ జేయకుండ్రి" అన్నాను. ఆ మాటను నేనే నమ్మలేదు. పక్కన మందులు సర్దుతున్న అమ్మ మాత్రం నమ్మింది. ఆ తర్వాత సారు రైలు మాటెత్తలేదు. మూడు వారాలకు పోయారు.

పదో రోజున ఫొటోకు ఫ్రేము కట్టించి నేనే తీసుకెళ్లాను. ముందు గది నిండా చుట్టాలు. పెద్ద చెక్క మీద రైలు బారుగా ఉంది. మూడో డబ్బా వెనుక జానెడు జాగా కనబడితే ఫొటో అక్కడ పెట్టబోయాను. అమ్మ గబగబా వచ్చి నా చెయ్యి పట్టుకుంది.

"గాడ వద్దు బిడ్డా. గది గార్డు డబ్బ జాగ. దొరుకుతదంటివి గద. దొరికినంక నువ్వే నడుపుదువు, సారు పేరు మీద."

ఆ పొద్దునే ఫోన్లో, రైళ్లు అమ్ముకునేవాళ్ల గుంపులో, ఆ డబ్బా బొమ్మ కింద 'అమ్ముడుపోయింది' అని చూసి వచ్చాను. అమ్మ నా ముఖం చూసి, నాకు సారు మీది దుఃఖమనుకుని, వీపు నిమిరింది. దండ వేసిన ఫొటోను రెండు చేతులా పట్టుకుని, సారును ఎక్కడ పెట్టాలో తెలియక, అంతమంది మధ్య అట్లాగే నిలబడిపోయాను.