అలియాబాద్ వెళ్ళి నెమ్మదిగా తిన్న వైనం

నేను అయిదు నిమిషాల్లో భోజనం ముగించేస్తాను. హాస్టల్లో చదువుకునే రోజుల్లో ముందు తిన్నవాడికే రెండోసారి కూర దక్కేది. ఆ హాస్టలు వదిలి ఇరవై ఏళ్ళయినా నా చేతికి ఇంకా ఆ కబురు అందలేదు. మా ఆవిడ శారద తనకు వడ్డించుకుని కూర్చునేసరికి నేను చెయ్యి కడుక్కుంటూ ఉంటాను. తొంభైల చివర్లో ఒక ఆదివారం, మా ఆఫీసు మల్లేశం అలియాబాద్‌లో వాళ్ళింటికి భోజనానికి పిలిచాడు. బయల్దేరేముందు శారద తేల్చి చెప్పేసింది.

"ఇవాళ కూడా మీరు నాకంటే ముందు లేచారంటే, రేపట్నుంచి నా కంచం వంటింట్లోనే. ఒక్కదాన్నే తినేటప్పుడు ఎక్కడ తింటే ఏం?"

నవ్వుతూనే అంది. కానీ నా వైపు చూడకుండానే చెప్పులు వేసుకుంది. నాకు నిజంగానే భయమేసింది.

యాప్రాల్‌లో తొమ్మిదిన్నరకు ఆటో ఎక్కి, బొల్లారం దగ్గర శామీర్‌పేట బస్సు పట్టుకున్నాం. అదృష్టం కొద్దీ సీట్లు దొరికాయి. ముద్దకు ముప్పైసార్లు నమలాలని ఎక్కడో చదివాను. సాధన చేద్దామని, దారిలో కొన్న జామకాయ తీశాను. హకీంపేట దాటేలోపు కాయ అయిపోయింది, లెక్క ఏడు దగ్గరే ఆగింది. ఎదుటి సీట్లో గంప పెట్టుకుని కూర్చున్న పెద్దావిడ నన్నే చూస్తోంది.

"ఎవలన్న గుంజుకుంటరా ఏంది బిడ్డా?" అంది.

శారద దేవరయాంజాల్ వైపు పొలాలు చూస్తున్నట్టు తల తిప్పేసుకుని నవ్వాపుకుంది.

శామీర్‌పేటలో ఇంకో బస్సు మారి అలియాబాద్ చేరేసరికి పదకొండుంబావు. మల్లేశం రోడ్డు మీదే నిలబడి ఉన్నాడు. పన్నెండున్నరకు చాపలు పరిచారు. వడ్డన వాళ్ళ అవ్వది. ఆవిడకు ఎనభై దాటి ఉంటాయి, గరిటె మాత్రం ఎవరికీ ఇవ్వదు. వేడన్నం, నాటుకోడి కూర, పచ్చిపులుసు.

మొదటి నాలుగు ముద్దలూ కళ్ళు మూసుకుని లెక్కపెడుతూ నమిలాను.

"గట్ల కండ్లు మూస్తడేంది? కూర కారమైందా?" అని అవ్వ కంగారుపడింది.

లెక్క తప్పింది. తప్పగానే చెయ్యి పాత దారి పట్టింది. రెండు నిమిషాల్లో కంచం ఖాళీ.

"అగో, మస్తు ఆకలి మీదున్నడు పాపం!" అంటూ అవ్వ మళ్ళీ నింపింది. మర్యాద కోసం అదీ ఖాళీ చేశాను. మళ్ళీ నింపింది. చేతులు అడ్డం పెడితే వేళ్ళ సందుల్లోంచే పులుసు పోసింది. మూడో కంచం సగానికి వచ్చేసరికి చొక్కా గుండీలు బిగుసుకున్నాయి.

మల్లేశం నా చెవిలో చెప్పాడు. "సార్, మా అవ్వకు ఖాళీ కంచం కనవడొద్దు. జరంత అన్నం ఉంచుకోన్రి."

ఇక నాకు దిక్కు ఆ మిగిలిన అన్నమే. దాన్ని కాపాడుకుంటూ కొంచెం కొంచెంగా తినసాగాను. పచ్చిపులుసులో ఉల్లిముక్క కరకరలాడుతుందని అప్పుడే తెలిసింది. మల్లేశం డబ్బాలోంచి అదే పులుసు ఆఫీసులో ఎన్నిసార్లు తాగానో!

నేను నెమ్మదించడం చూసి అవ్వ ఎదురుగా చతికిలబడింది.

"కోడి యాడికి ఉరుకుతది కొడుకా, కూరైంది గద. నిమ్మలంగ తిను. మీ పెండ్లి ఎట్లయిందో జెప్పు."

నోట్లో ముద్ద ఉంటే మాట రాదు, మాట్లాడుతుంటే ముద్ద దిగదు. పెళ్ళిచూపులకని పొరపాటున పక్కింట్లోకి వెళ్ళి, వాళ్ళ జంతికలన్నీ తినేశాక అసలు సంగతి బయటపడ్డ వైనం చెప్పాను. అవ్వ కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నవ్వింది.

"మరి పిల్ల ఏమన్నది?" అని అడిగింది.

చెప్పబోతూ పక్కకు చూద్దును కదా, శారద పెరుగన్నం ఎప్పుడో అయిపోయింది. చెయ్యి ఎండిపోయినా నా కోసం అలాగే కూర్చుని ఉంది. గోడ మీద గడియారం ఒంటిగంటన్నర చూపిస్తోంది. సిగ్గేసి, ఆఖరి ముద్ద మింగి గబుక్కున లేచాను.

ఇలాంటి భోజనానికి వెళ్ళదలచినవారు ఉదయం టిఫిను మానేయండి, వదులు చొక్కా వేసుకోండి.

నాలుగింటి బస్సులో తిరుగుముఖం పట్టాం. "చూశావుగా, నీ తర్వాతే ముగించాను" అన్నాను గొప్పగా.

"చూశాను" అంది శారద. బొల్లారం వస్తుండగా మళ్ళీ అంది. "పిల్ల ఏమన్నదో చెప్పకుండానే లేచి వచ్చేశారు."

"నీకు తెలుసుగా. ఆ పిల్లవి నువ్వే కదా!"

"నాకు తెలుసు. మీ నోటితో ఎప్పుడూ వినలేదు. రాత్రికి ఇద్దరికీ ఒకేసారి వడ్డిస్తాను, తింటూ చెబుదురుగాని."