గీకేసిన నంబరు

ఈ ఉదయం నేనొక తప్పు చేశాను. తెలుగు అక్షరాలను చదివి వినిపించే నా ప్రోగ్రాములో, బయట పెట్టకుండా దాచుకున్న భాగాన్ని, యానాం నుంచి వచ్చి మా తమిళ ఊళ్లో చదువుకుంటున్న సుజాత అడిగింది. తెలుగు మాట్లాడటమే తప్ప లిపి రాని ఇక్కడి పెద్దవాళ్లకు పనికొచ్చేలా మారుస్తానంది. "ముందు ఉన్నది నేర్చుకో" అని విసుక్కుని ఫోను పెట్టేశాను. సాఫ్ట్‌వేర్ అందరిదీ కావాలని ముప్ఫై ఏళ్లుగా సభల్లో గొంతు చించుకుంటున్నవాణ్ణి! నాకంటే బాగా రాస్తుందేమోనని భయం, అంతే. చిరాకు పోవడానికి పాత రేడియో విప్పి టంకం పెడుతుంటే, గుగ్గిలం పొగలో గోవిందు మామ గుర్తొచ్చాడు.

ఎనభైల మొదట్లో నటేశన్ నగర్‌లో మా పక్కిల్లు ఆయనది. మిల్లులో ఎలక్ట్రీషియను, తెలుగు మాట్లాడేవాడే గాని చదవలేడు. పక్కనున్న తేంగాయితిట్టు నుంచి చేపల గంపలు వీధిలోకి వచ్చే పొద్దుటి వేళ, లుంగీ ఎగగట్టి, వక్క నములుతూ, అడిగినవాళ్లందరికీ ఆంప్లిఫయరు బొమ్మ గచ్చు మీద సుద్దముక్కతో గీసి చూపేవాడు. అత్త నీళ్లు కొట్టి కడిగేదాకా అది వీధి సొత్తు.

తొమ్మిదో తరగతిలో ఆ బొమ్మ చూసే, ట్రాన్సిస్టరు మాత్రం నేనే వేరేది ఎంచుకుని, నా మొదటి ఆంప్లిఫయరు చేశాను. తమిళుల ఆడి నెలలో వచ్చే అమ్మవారి పండక్కి అదే పెడదామని మామ వీధికి మాటిచ్చి, అద్దె మైకు మాన్పించాడు. నాకేమో ఇంకెవరైనా చూసి చేసేస్తారని దిగులు. బజారు మెకానిక్కుల్లాగే ట్రాన్సిస్టరు మీద అది ఏ రకమో తెలిపే నంబరును బ్లేడుతో గీకేశాను.

పండగనాడు, వేపమండల తోరణాల కింద రాగి అంబలి కుండలు దించి, ఎండుచేపల కూర ఘాటు వీధంతా కమ్ముకున్న వేళకు, నా పెట్టె కమురు వాసనతో మూగబోయింది. మామ మూత విప్పాడు.

"ఏందిరా, నంబరు యాడ?"

"గీకేసినా మామా, ఎవురూ చూసి చేయకూడదని."

"సరిపోయె! చేసినోడివి నువ్వే గదా, అంగట్లో ఏమని అడగాల, చెప్పు."

నాకు గుర్తులేదు. ఎక్కడా రాసుకోలేదు కూడా.

"భలే దొంగవిరా, నీ ఇంటికే కన్నమేస్తివి!"

ఆ పూట మామే మైకయ్యాడు. గొంతు బొంగురుపోయేదాకా ఒక్కో ఇంటినీ పేరుపెట్టి అంబలికి పిలిచాడు. "ఇదేనా గోవిందూ నీ సెట్టు?" అని ఎవరో ఎగతాళి చేస్తే, "నేనే సరిగ్గా చూళ్లేదులే" అన్నాడు. పక్కనే ఉండి నేను నోరు విప్పలేదు. మరుసటి ఏడు అద్దె మైకే వచ్చింది. మామను ఇంకెప్పుడూ ఎవరూ బొమ్మ గీయమని అడగలేదు. అంతకంటే సిగ్గుచేటు, ఈ కథను నేను సభల్లో ఎవరో మెకానిక్కు చేసినట్టు చెబుతూ వచ్చాను.

మామ లేడు. ఆ గచ్చు మీద ఇప్పుడు సుద్ద అంటని టైల్సు.

మధ్యాహ్నం సుజాతకు ఫోను చేసి, "నాదే తప్పమ్మా" అన్నాను. దాచిన భాగమంతా, నేను సిగ్గుపడే చోట్లతో సహా పంపాను. సభలో ఆమె విన్న ఆ మెకానిక్కు ఎవరో కూడా రాశాను. ఏ వరుస ఎందుకు రాశానో పక్కన వివరించేసరికి సాయంత్రమైంది. నాలుగు చోట్ల ఎంత తన్నుకున్నా గుర్తురాలేదు. అక్కడ "నాకూ తెలియదు, తెలిస్తే నాకు చెప్పు" అని రాశాను.