అమ్మ పిత్తనాళం చూసిన రోజు

పిత్తాశయం తీసేశాక అమ్మ కడుపు పక్కనుంచి సన్నని గొట్టం ఒకటి వేలాడుతుండేది. ఎక్స్‌రేలో కనబడే మందు అందులోకి ఎక్కించి చూస్తారు. అది పిత్తనాళం గుండా పేగులోకి పోతే గొట్టం తీసేస్తారు. రాయి ఏదైనా మిగిలి అడ్డం పడితే మళ్ళీ ఆపరేషనే. "ఇంకోసారి కోయించుకోను పాపా, ఇట్లనే పోతాను," అని మా సింగానల్లూరు నుంచి ఆసుపత్రికి ఆటోలో వచ్చినంతసేపూ అదే పాట. అమ్మ అన్నదంటే అన్నట్టే. అందుకే నాకు భయం.

అమ్మ బెదిరిపోతుందని నన్ను అద్దం వెనక డాక్టరు పక్కన నిలబడనిచ్చారు. మందు ఇంకా ఎక్కించనే లేదు, తెరమీద పక్కటెముకల కింద గుండ్రటి తెల్లని మచ్చ! నా పై ప్రాణాలు పైనే పోయాయి. డాక్టరు మాత్రం నవ్వి, రాళ్ళు ఇంత గుండ్రంగా పుట్టవమ్మా, పోయి చూడు అన్నాడు అరవంలో.

చూద్దును కదా, గౌను కింద నడుముకు పసుపు గుడ్డలో ముడుపు కట్టిన రూపాయి బిళ్ళ.

"చెప్పకుండా ఎట్ల కట్టుకొనొస్తివిమా? బుద్ధి ఉండాదా నీకు?"

"పళని సామికి ముడిసిండేది పాపా. గాజులు అడిగిరి, ఇచ్చేస్తిని. సామి కాసు ఎవురూ అడగలేదు కదా."

మావాళ్ళందరూ ముడుపును దేవుడి గూట్లో పెడతారు. జబ్బున్నచోటే ఉండాలని ఈవిడ ఒంటికి కట్టుకుంది. నా చెంగున కట్టుకుంటానని బతిమాలితే, కన్నకూతురే కదా అని చివరికి ఇచ్చింది.

మందు వదిలారు. చీకటి తెరమీద తెల్లని గీత మొలిచి, పైకి పోయి, కాలేయంలో వేపరెమ్మలా సన్నగా విచ్చుకుంది. ఈ మనిషి చింతపండు పిసుకుతున్నప్పుడూ, పక్కింటావిడతో జగడమాడుతున్నప్పుడూ లోపల ఇది పారుతూనే ఉందా! నిజం చెప్పాలంటే గుళ్ళో కూడా నాకెప్పుడూ అంత భక్తి కలగలేదు.

కిందికి దిగిన గీత పేగు దగ్గర ఆగిపోయింది. కాసేపు చూద్దామన్నాడు డాక్టరు. నాళం చివర చిన్న కండరం ఉంటుందట, తనకు తోచినప్పుడే తెరుచుకుంటుందట. తెరుచుకుంది. మందు జారి పేగులోకి పరుచుకుంది.

రాయి లేదు అన్నాడు డాక్టరు. లోపలికి పరుగెత్తాను.

"ఇంకా కోస్తారా పాపా?"

తల అడ్డంగా ఊపాను.

"అట్లైతే ఏంటికి ఏడుస్తావు?"

"నువ్వు లోపల ఎంత అందంగా ఉండావో చూస్తినిమా."

అమ్మ సిగ్గుపడి గౌను సర్దుకుంది.