దూదేకుల ఖాసిం సాహెబ్ కూతురి స్పానిష్ పరీక్ష

ఖాసిం సాహెబ్ ఏ పరుపునూ పైపైన చూసి నమ్మడు. పాత పరుపు తెచ్చినవాళ్లు దాని గొప్పలు చెబుతుండగానే దబ్బనంతో మూల కుట్టు కొంచెం విప్పి, రెండు వేళ్లు లోపలికి పోనిచ్చి, చిటికెడు దూది లాగి వెలుతురుకు పట్టి చూస్తాడు. పైన బూరుగు దూది, లోపల మిల్లు చెత్త. అట్లాంటివి కడపలో ఎన్ని చూశాడో. మనుషులనూ అట్లాగే విప్పి చూస్తాడని కిట్టనివాళ్లు అంటారు. కిట్టినవాళ్లూ అంటారు.

ఆ గుణం ఊరికే రాలేదు. దూదేకుల వాళ్లు ఇంట్లో మాట్లాడేది తెలుగు, చదివేది నమాజు. మసీదు దగ్గర కొందరు వీళ్లను సగం మనుషుల్లా చూస్తారు. గుడి దగ్గర కొందరు 'మీరు మావాళ్లేగా' అని అవసరానికి మించి భుజం తడతారు. ఆ చూపునూ ఈ తట్టుడునూ నమ్మకుండా బతకడం ఆ ఇళ్లలో దూది ఏకడంతోపాటే నేర్పుతారు.

అట్లాంటి మనిషి ఒక సాయంత్రం దుకాణం కట్టేసి ఇంటికి వచ్చేసరికి, లోపలి గదిలో కూతురు సాజియా గోడకు ఎదురుగా నిలబడి గడగడా ఏదో అప్పజెబుతోంది. అది స్పానిష్ అని ఆయనకు తెలుసు. ఊరి చివర ఒక స్కూల్లో విదేశీ బోర్డు చదువు పెడితే, పరీక్ష రాసి సీటు తెచ్చుకుని, ప్లస్ టూలో ఆ భాష తీసుకుంది. వద్దనలేదు. పత్తికి స్పెయిన్‌లో ఉన్న పేరు కూడా ఒకప్పుడు అరబ్బులతోపాటు సముద్రం దాటి పోయిందేనని సాజియా చెప్పినప్పుడు, 'పేరు పోయింది సరే, పత్తి మంచిదేనా?' అని మాత్రం అడిగాడు. దూది సంగతి వచ్చిందంటే చరిత్ర ఆయనకు అడ్డం రాదు.

కానీ ఆ రోజు ఆ ప్రవాహం మధ్యలో రెండు తెలిసిన మాటలు రాళ్లలా తేలాయి. ఉగాది. దేవుని కడప.

ఖాసిం సాహెబ్ చెప్పులు విడవకుండానే గడపలో ఆగిపోయాడు.

ఉగాది పొద్దున కడప ముస్లింలు ఎందరో దేవుని కడప వెంకటేశ్వరుడి గుడికి పోతారు. స్వామిని పెళ్లాడిన బీబీ నాంచారి తమ ఇంటి ఆడబిడ్డ, కాబట్టి స్వామి తమ అల్లుడు. కొబ్బరికాయ, బెల్లం, చింతపండు పట్టుకుని పుట్టింటివాళ్లు పోయినట్టు పోయి చూసి వస్తారు. తాతలనాటి నుంచీ ఎవరికీ వింతగా తోచని సంగతి. పోయిన ఏడు మాత్రం ఎవరో వరుసలో నిలబడినవాళ్లను ఫోనులో పట్టి, కింద ఏవేవో రాసి ఊరిమీదికి వదిలారు. అందులో ఖాసిం సాహెబ్ ముఖం ఉంది. ఎందుకు పోయినావని ఒకరు నిలదీశారు, ఎందుకు వస్తావని ఇంకొకరు. ఆనాటి నుంచి ఎవరైనా చేతిలో ఫోను కొంచెం పైకెత్తితే ఆయన ముఖం తిప్పుకుంటాడు.

"ఎవురితో మాట్లాడతాండావు పాపా?"

"ఎవురితో లేదు నాయనా. పరీక్షకు చదువుకుంటాండా."

"పరీక్షలో మన ఉగాది ఎందుకుంటాది?"

సాజియా కూర్చోబెట్టి చెప్పింది. ఆ దేశపు సంస్కృతిలో ఒక విషయం ఎంచుకుని స్వయంగా పరిశోధించాలి. నోటితో, ఆ భాషలోనే వివరించాలి. దీన్నే ఎందుకు ఎంచుకున్నావని అడుగుతారు. అక్కడికి వచ్చేసరికి తన ఇంటి సంగతి చెప్పాలనుకుంది. ఫోనులో బొమ్మ చూపించింది: ఒక స్పెయిన్ ఊరి వీధి, అట్టలతో కట్టిన కోట, ఒకవైపు శిలువ జెండాల సైన్యం, మరోవైపు తలపాగాలు, వంకర కత్తులు.

"ఈళ్లు మనోళ్లా?"

"మనోళ్ల వేషం కట్టినోళ్లు. మూరులు అంటారు. ఒకప్పుడు ఆ దేశాన్ని ఏలిన ముస్లింలు. ఇప్పుడు ఆ ఊర్లో జనం ఏటా ఆ యుద్ధాన్ని ఆడతారు."

"గెలిచేదెవురు?"

"ముందు మూరులు కోట పట్టుకుంటారు. మళ్లా క్రైస్తవులు గెలుస్తారు."

"ప్రతి ఏడూనా?"

"ప్రతి ఏడూ. అయినా మూరు వేషమంటేనే శానామందికి మోజు నాయనా. తండ్రి మూరైతే కొడుకూ మూరే."

ఖాసిం సాహెబ్ బొమ్మను పెద్దది చేసి, ఒక మూరు సర్దారు పొట్టమీద వేలు పెట్టాడు. "ఇది పొట్ట కాదు. లోపల దూది కూరినారు." ఇంకా దగ్గరగా చూసి, "ఓడిపోయేదానికి ఇంత మోజా? దీంట్లో ఏందో ఉండాది. నువ్వు మన మాట చెప్పొద్దు," అన్నాడు.

"చెప్పకుంటే ఎందుకు ఎంచుకున్నావంటే ఏం చెప్పల్ల?"

"బొమ్మ బాగుండాదని చెప్పు."

"అబద్ధం చెప్పమంటావా?"

ఖాసిం సాహెబ్ ఫోను తిరిగి ఇచ్చేశాడు. మరునాడు స్కూలుకు పోయాడు.

స్పానిష్ చెప్పే శివానిది వేంపల్లె. హైదరాబాదులో ఆ భాష చదువుకుని వచ్చిన అమ్మాయి. ఆమె కుర్చీ చూపించినా ఖాసిం సాహెబ్ కూర్చోలేదు.

"ఈ పరీక్షలో అడిగేదెవురమ్మా?"

"నేనే అన్నా. నేను అడుగుతా, పాప చెప్తాది, అది రికార్డు చేసి పంపిస్తాం."

"యాడికి?"

"విదేశంలో బోర్డు ఉండాది. ఆడ మార్కులేస్తారు."

"ఆడ ఎవురు ఇంటారు?"

"నిజం చెప్పాలంటే నాకు తెల్దన్నా. వాళ్ల ముఖాలు నేనెప్పుడూ చూల్లేదు."

పెద్ద పెద్ద భరోసాలు ఇస్తుందని, వాటిలో కుట్టు ఎక్కడ విప్పాలా అని చూస్తున్న మనిషికి ఈ మాటతో చేతిలో పని లేకుండా పోయింది. అయినా ఒప్పుకోలేదు. ఉగాది దాటనీ, చూద్దామన్నాడు.

ఉగాది ముందురోజు ఇంట్లో ప్రకటించాడు, ఈ ఏడు గుడికి పోయేది లేదని. బెల్లం కొడుతున్న ఆయన తల్లి హుసేనమ్మ చెయ్యి ఆపలేదు.

"పోకుంటే ఆడబిడ్డ ఏమనుకుంటాది రా? పుట్టింటోళ్లు మరిచిపోయిరని ఏడవదా?"

"జనం ఫోన్లు పట్టుకోని ఉంటారు మా."

"ఉండనీ. అల్లుని ఇంటికి పోయేదానికి ఎవుర్ని అడగల్లప్పా నేను? నువ్వు రాకుంటే పాపను తీసుకోని పోతా."

అంటే ఆయనా పోవలసిందే. వరుసలో తల్లికీ కూతురికీ మధ్య నిలబడి, దేవుడివైపు తక్కువ, జనంవైపు ఎక్కువ చూశాడు. అనుకున్నంతా అయింది. ముందున్న నడివయసు మనిషి ఒకడు ఫోను ఎత్తి వెనక్కి తిరిగాడు.

"ఏం పెద్దమ్మా, మీరు సాయిబులు గదా? ఈడికెందుకు వచ్చినారు?"

ఖాసిం సాహెబ్ చెయ్యి అడ్డం పెట్టబోయేలోపే హుసేనమ్మ కొబ్బరికాయ చంకలో పెట్టుకుని ఫోనుకు ఎదురుగా నిలబడింది.

"మా బిడ్డ ఇల్లప్పా ఇది. చూసిపోదామని వచ్చినాం. నువ్వెందుకు వచ్చినావు?"

వెనక నవ్వులు లేచాయి. ఆ మనిషి కూడా నవ్వాడు. అది మంచి నవ్వో కాదో తేల్చుకోవడానికి ఖాసిం సాహెబ్ గర్భగుడి దాకా అతని వీపునే చూస్తూ నడిచాడు. తేలలేదు. ఏడాదిగా తాను పదిలంగా దాస్తున్నదాన్ని తల్లి ఏటా, అడిగినవాళ్లకల్లా, ఇదే గొంతుతో చెబుతూనే ఉందన్న సంగతి మాత్రం తట్టింది. దాయడానికి తన దగ్గర ఏమీ మిగల్లేదు.

తిరిగివస్తూ ఆటోలో సాజియాతో అన్నాడు. "చెప్పుకో పో. ఎట్లుండాదో అట్లే చెప్పు. ఎక్కువ చేసి చెప్పొద్దు. నేను బయట కూర్చుంటా."

పరీక్ష రోజు నిజంగానే కూర్చున్నాడు, మూసిన తలుపు పక్కన బల్లమీద. లోపలి మాటల్లో ఒక్కటీ అర్థం కాలేదు. ఒకచోట ఉగాది అని వినిపించింది. వెంటనే శివాని నవ్వు. ఆయన లేచి నిలబడ్డాడు.

సాజియా బయటికి రాగానే పట్టుకున్నాడు. "ఉగాది అంటే ఆ మేడమ్ ఎందుకు నవ్వింది?"

"గుళ్లో జేజి ఆ ఫోను మనిషికి చెప్పిన జవాబు చెప్పినా నాయనా. 'నువ్వెందుకు వచ్చినావు' అనే దానికి నవ్వింది."

"మంచిగా నవ్విందా?"

"మంచిగానే."

"ఆడ బోర్డులో ఇనేవాళ్లు?"

"వాళ్లు నవ్వుతారో లేదో ఎట్లా తెలుస్తాది?"

"అదే నేను అడిగేది," అన్నాడు ఖాసిం సాహెబ్. కూతురి చేతిలోని సంచీ తీసుకుని భుజానికి తగిలించుకుని, ఆమె ముందు నడుస్తుంటే వెనక నడిచాడు.