కత్తికి మూడు వందల మీటర్లు

దిగాల్సిన చోట బస్సు ఆపమని అడగలేక, తర్వాతి స్టాపు దాకా వెళ్లి, అక్కణ్నుంచి వెనక్కి నడిచి ఇల్లు చేరే మనిషి అతను. సెలూన్లో ఒక చెంప మీద జుట్టు పొట్టిగా, రెండో చెంప మీద పొడుగ్గా కత్తిరించినా, అద్దంలో చూసుకుని “బాగుంది” అని లేచి వచ్చేస్తాడు. ముప్పై ఏళ్లుగా వీధి వీధీ తిరిగి కత్తులకూ కత్తెరలకూ సాన పడుతున్నాడు కాబట్టి అందరికీ అతను సానాయన. ఊరందరికీ కత్తులు నూరి పెట్టి ఒక్కరితోనూ తగాదా లేకుండా బతుకుతున్నవాడు అతనొక్కడే అని భార్య నవ్వుతూ ఉంటుంది. ఈ ముప్పై ఏళ్లలో ఎవరి గుమ్మం ముందూ గ్లాసుడు మంచినీళ్లు అడిగి ఎరగడు. సీసా వెంట తెచ్చుకుంటాడు. సీసా ఖాళీ అయితే దాహం లేనట్టు ముఖం పెడతాడు.

అతని పనంతా ఒక సైకిలు మీదే జరిగేది. దాన్ని స్టాండు వేసి, ఎక్కి కూర్చుని తొక్కితే ముందున్న సానరాయి గిర్రున తిరిగేది. ముప్పై ఏళ్లు అలా ఉన్నచోటే ఉండి తొక్కినదంతా రోడ్డు మీద తొక్కి ఉంటే ఈపాటికి భూమి చుట్టి వచ్చేవాడేమో. చివరికి మోకాళ్లు మొరాయించాయి. డాక్టరు ఎక్స్‌రే ఫిల్మును వెలుగుకి ఎత్తి చూపించి, “ఇక తొక్కడం మానేయండి. ఈ మోకాలు ఇంకా ఎన్నాళ్లు నిలుస్తుందో మీ చేతుల్లో ఉంది” అన్నాడు. సానాయన మోకాలి వంక చూసుకున్నాడు తప్ప, మరి బతుకు మాటేమిటని అడగలేదు.

ఆ మాట బామ్మర్ది అడిగాడు. అతనికి పెట్రోలు బండ్ల స్పేర్‌పార్ట్స్ షాపు ఉంది. మాటల్లో దిట్ట, మనసు మంచిది, గొంతు పెద్దది.

“ఏముంది బావా, నా షాపుకొచ్చి కౌంటరు దగ్గర కూర్చో. ఎండ లేదు, వాన లేదు. వచ్చినవాణ్ని ‘ఏం కావాలి’ అని అడగడం, ఇవ్వడం. అంతే కదా పని!”

సానాయన మనసులో లెక్కేసుకున్నాడు. రోజుకి వందమందిని ‘ఏం కావాలి’ అని అడగాలా? పోనీ అదొక్కటే అయితే ఎలాగో సర్దుకునేవాడు. మొద్దుబారిన కత్తి చేతికొచ్చాక, రాయి మీద అటూ ఇటూ నాలుగుసార్లు ఆనించి, బొటనవేలి గోటి మీద అంచు నిలబెట్టి చూసినప్పుడు, అది జారకుండా పట్టుకుంటుందే, ఆ క్షణం కోసం అతను ఎంత దూరమైనా తొక్కేవాడు. స్పేర్‌పార్ట్స్ షాపులో అలాంటి క్షణం ఏదీ ఉండదు.

దారి భార్య చూపించింది. సామాన్లు మోసే చిన్న మూడు చక్రాల కరెంటు బండి తీసుకుంటే, దాని బ్యాటరీతోనే సానరాయి మోటారు కూడా తిప్పవచ్చని ఎక్కడో విని వచ్చింది.

బామ్మర్ది గొడవకి దిగాడు. “అక్కా, నీకు తెలీదు. పెట్రోలు బండి ఎక్కడ ఆగినా సీసా పట్టుకుని బంకుకి పరిగెత్తొచ్చు. ఇది ఆగితే ఏం చేస్తాడు బావ? పక్కింటికెళ్లి సీసాడు కరెంటు పోయించుకొస్తాడా? తీసుకుంటే రెండూ తాగే బండి తీసుకో. కాసేపు కరెంటు, కాసేపు పెట్రోలు.”

“రెండు అలవాట్లున్నదాన్ని మేపడం నా వల్ల కాదు నాయనా,” అంది అక్క. “పైగా పెట్రోలు ఇంజనుతో రాయి తిప్పితే ఆ మోతకి వీధిలో కిటికీలన్నీ మూసుకుంటారు. మూసుకున్న కిటికీలోంచి కత్తి ఎవరిస్తారు?”

“నెల రోజులు! నెలలో బావ రోజూ తిరిగే వీధులన్నీ ఇదివరకులా తిరిగి రాగలిగితే నేను నోరు మూసుకుంటా. లేకపోతే బండి అమ్మేసి కౌంటరు దగ్గరికి రావాలి. ఏం బావా, సరేనా?”

సానాయన సరేనన్నాడు. కాదనడం అతనికి చేతకాదు.

బండి వచ్చింది. వెనకాల పెట్టెలో సానరాయీ మోటారూ బిగించిన ఫిట్టరు, తాళంచెవులు చేతికిస్తూ ఒక సంగతి చెప్పాడు. “బ్యాటరీతో బండీ నడవాలి, రాయీ తిరగాలి. కాబట్టి జాగ్రత్త. ఎక్కువ కత్తులుంటే ఈ మోటారు ప్లగ్గు తీసి వాళ్లింట్లో గోడకి పెట్టుకోండి, బ్యాటరీ మిగులుతుంది. కావాలంటే బండిని కూడా వాళ్ల దగ్గరే చార్జింగుకి పెట్టొచ్చు. అడిగితే ఎవరు కాదంటారు?”

అడిగితే! మిగతాదంతా సానాయనకి బాగానే అర్థమైంది.

మొదటివారం బండి హాయిగా నడిచింది. మోకాలి నొప్పి సగం తగ్గింది. చప్పుడు లేదు, పొగ లేదు. రాయి తిరుగుతుంటే ఇదివరకు వినపడని చిన్న చిన్న శబ్దాలు కూడా వినపడేవి. ఏ ఇనుములో ఎంత గట్టిదనముందో చెవితోనే పోల్చుకునేవాడు. కానీ బ్యాటరీ మీటరు మీద గీతలు మాత్రం అతను అనుకున్నదానికన్నా తొందరగా తగ్గేవి. కంపెనీవాళ్లు ఒక్క చార్జింగుకి ఎనభై కిలోమీటర్లన్నారు. అతని రాయి బరువుకి, ఎత్తుపల్లాలకి అరవై వచ్చేది. అందులోంచి సాన పట్టడానికి పోయేది పోగా మిగిలినదే దారి.

రెండోవారానికి అతనికి లెక్క పట్టుబడింది. ఒక కూరల కత్తి అంటే మూడు వందల మీటర్లు. దర్జీ కత్తెర అర కిలోమీటరు. హోటలు వంటింట్లో ఎముకలు కొట్టే కత్తి అయితే ముప్పావు కిలోమీటరు, అదీ రాయి మీద బుద్ధిగా కూర్చుంటే. ఎవరైనా కత్తి చేతికిస్తే, దాని అంచుకన్నా ముందు అతనికి ఒక రోడ్డు ముక్క కనిపించేది. ఈ కత్తి తీసుకుంటే పాలకేంద్రం మలుపు దాకా దారి పోయినట్టే. ఆ రెండు కత్తెరలు తీసుకుంటే వంతెన ఎక్కలేడు.

ఇంట్లో భార్య కూడా ఆ లెక్కే మొదలుపెట్టింది. “మన కత్తి మొద్దుబారింది గానీ వద్దులెండి. మీరు మూడు వందల మీటర్లు నడిచి రావాల్సొస్తుంది.”

ఆమె నవ్వుతున్నా సానాయనకి లోపల గుబులుగానే ఉంది. చివరి రెండు వీధులకి వెళ్లడం మానేశాడు. పెద్ద హోటలువాళ్లు కట్టెడు కత్తులు తెచ్చిపెడితే, సగం పట్టి మిగతావి రేపన్నాడు. అలా రేపు అనడం ముప్పై ఏళ్లలో అదే మొదలు. బామ్మర్ది మాత్రం రోజూ సాయంత్రం ఫోన్ చేసి, “బావా, ఇవాళ ఇల్లు చేరావా, తాడు పట్టుకు రమ్మంటావా?” అనేవాడు.

ఇరవై రెండో రోజున ఒక కేటరింగు వంటశాల వాళ్లు పిలిచారు. నలభై రెండు కత్తులు. మర్నాడు పెద్ద విందు ఉంది, అన్నీ ఇవాళే కావాలన్నారు. గోడకి, అతని భుజం పక్కనే, రెండు ప్లగ్గులు ఖాళీగా ఉన్నాయి. వాటివంక ఒకసారి చూశాడు. వంటమనిషి ఎదురుగానే నిలబడి ఉన్నాడు. “అయ్యా” అన్నాడు సానాయన. “ఏంటి?” అన్నాడు వంటమనిషి. “ఏం లేదు, ఎండ బాగా ఉంది” అన్నాడు సానాయన.

నలభై రెండు కత్తులూ బ్యాటరీ మీదే పట్టాడు. ప్రతి అంచూ గోటి మీద నిలిచింది. తిరుగుదారిలో బండి మాత్రం నిలవలేదు. ఇంకా ఆరు కిలోమీటర్లు ఉందనగా, మీటరు మీద చివరి గీత కూడా రెప్పలు కొట్టి ఆరిపోయింది. బండి మెల్లగా దొర్లి దొర్లి ఒక దర్జీ కొట్టు ముందు ఆగింది.

ఆ కొట్టు టైలరమ్మది. ఇరవై ఏళ్లుగా ఆమె కత్తెరలన్నీ సానాయనే పడుతున్నాడు. మనిషి ఉలిపిరి కాగితంలా ఉంటుంది, నోరు మాత్రం ఆమె కత్తెరకన్నా పదును. ఆమె కుట్టు మిషను ముందు కూర్చుని కిటికీలోంచి చూసింది. సానాయన గబగబా గుడ్డ తీసి, బండి శుభ్రం చేసుకోవడానికే ఆగినట్టు అద్దం తుడిచాడు. తర్వాత చక్రాలు తుడిచాడు. సీటు తుడిచాడు. మళ్లీ అద్దం దగ్గరికొచ్చాడు. ముప్పావుగంట గడిచింది. బామ్మర్దికి ఫోన్ చేద్దామని తీసి, ‘తాడు’ అన్న మాట గుర్తొచ్చి జేబులో పెట్టేశాడు. ఇవాళ తాడు వచ్చిందంటే రేపు కౌంటరే.

టైలరమ్మ మెడలో కొలత టేపుతో గుమ్మంలోకొచ్చింది.

“ఏమయ్యా, ఆ బండికి ఇవాళ పెళ్లిచూపులా? మూడోసారి ముఖం కడుగుతున్నావు.”

“దుమ్ము పడిందమ్మా.”

“బ్యాటరీ అయిపోయింది కదూ?”

సానాయన వంగి మళ్లీ చక్రం తుడిచాడు.

“నా దగ్గర ప్లగ్గుంది,” అంది ఆమె. అతను మొహం ఎత్తాడు. “కానీ నేను రమ్మనను. నువ్వు అడగాలి. అడిగితే ఇస్తా. అడక్కపోతే లోపలికెళ్లి నా పని చూసుకుంటా.”

“అంటే... మీకు పనులుంటాయి...”

“ఉంటాయి. నాకు పనులున్నాయో లేవో నువ్వెందుకు తేల్చడం? అడిగాక నేను చెప్తాగా.”

గుడ్డ నలుపుకుంటూ నిలబడ్డాడు. చదువుకునే రోజుల్లో బోర్డు ముందు నిలబెట్టినప్పుడు కూడా ఇంత కష్టం కాలేదు. గొంతులో మాట ఉంది. అది పైకి రావడానికి, ఇన్నేళ్లు తొక్కిన సైకిలు మళ్లీ మొదట్నుంచి తొక్కినంత పనైంది.

“అమ్మా, ఒక గంట... మీ ప్లగ్గు... వాడుకోవచ్చా?”

“ఊఁ. ఇప్పుడు కాదు,” అంది టైలరమ్మ.

సానాయన గుడ్డ మడిచి బండి వైపు తిరిగాడు.

“ఇస్త్రీ పెట్టె వేడి మీదుంది. రెండూ పెడితే ఫ్యూజు పోతుంది. ఈ జాకెట్టు ఒక్కటి ఇస్త్రీ చేసేశాక పెట్టుకో. అయిదు నిమిషాలు. చూశావా, కాదంటే ఇంతే. ప్రాణం ఏమైనా పోయిందా?”

అతనికి తెలీకుండానే నవ్వొచ్చేసింది. ఆమె ఇస్త్రీ ముగించి, తీగ తనే పుచ్చుకుని మిషను వెనకనుంచి లాగి పెట్టింది. మీటరు మీద చిన్న పచ్చదీపం వెలిగింది. ఇస్త్రీ ఆగిపోయింది కాబట్టి ఆమెకి కూడా కాస్త తీరిక దొరికింది. టీ తెచ్చింది. ఈసారి “వద్దమ్మా” అనడానికి అతనికి మొహం చెల్లలేదు.

“ఇరవై ఏళ్లలో ఎన్నిసార్లు కూర్చోమన్నాను నిన్ను? ఎన్నిసార్లు టీ తాగమన్నాను? పోనీ నీళ్లైనా పుచ్చుకున్నావా? ఈయనకి ఎంత పొగరో, మన చేతి నీళ్లు కూడా ముట్టడు అనుకునేదాన్ని.”

సానాయన టీ గ్లాసు కింద పెట్టాడు. తను ఎవరికీ కష్టం కలిగించకూడదని ముప్పై ఏళ్లుగా దాహాన్ని ఓర్చుకుంటుంటే, అవతలివాళ్లకి అది పొగరులా కనిపించిందా?

“పొగరు కాదమ్మా. భయం,” అన్నాడు.

“తెలిసిందిలే. బండి తుడుస్తుంటే చూశాగా,” అంది టైలరమ్మ, సూదిలో దారం ఎక్కిస్తూ.

మర్నాడు అతను అడగడం మొదలుపెట్టాడు. మొదటి రెండు చోట్ల మాట సగంలో ఆగిపోయింది. మూడో చోట, సెలూన్లో, ఒక్క ఊపులో అడిగేశాడు. “పెట్టుకోండి, దానికేముంది,” అన్నాడు సెలూనాయన. అదే ఊపులో సానాయన, ఈసారి రెండు చెంపలూ సమంగా ఉండాలని కూడా చెప్పేశాడు. ఒక అపార్టుమెంటు వాచ్‌మన్ మాత్రం ససేమిరా అన్నాడు. ప్రాణం పోలేదు. పక్క అపార్టుమెంటుకి వెళ్లాడు. కత్తులు ఎక్కువ ఉన్నచోట మోటారు ప్లగ్గు గోడకే పెట్టేవాడు. మిగిలిపోయిన రెండు వీధులూ మళ్లీ అతనివయ్యాయి.

అయితే ప్లగ్గు ఇచ్చినవాళ్లు ఊరుకోరు కదా, అడగడం వాళ్లూ నేర్చుకున్నారు. “సానాయనా, అటే పోతున్నావుగా, ఈ సంచీ మా చెల్లెలింట్లో ఇచ్చేయవా?” “మా పిల్లకి ఈ కళ్లద్దాలు కాలేజీ గేటు దగ్గర ఇచ్చిపో.” ఇదివరకు సాయంత్రం అయిదింటికల్లా ఇల్లు చేరేవాడు, ఇప్పుడు ఆరున్నర. భార్య గుమ్మంలో చేతులు నడుముకి ఆనించుకుని, “కరెంటు బండికి పెట్రోలు ఖర్చు లేదు గానీ కబుర్ల ఖర్చు బాగా ఉన్నట్టుందే!” అంది. అతను ఆ రోజు విన్న కబుర్లన్నీ చెప్పుకొచ్చాడు. ఆమె వంట ఆపేసి విన్నది. ఈయన ఒకేసారి ఇన్ని మాటలు మాట్లాడగలడని పెళ్లయిన ఇన్నేళ్లకి తెలిసింది ఆమెకి.

నెల నిండింది. ముప్పయ్యో రోజు మధ్యాహ్నం సానాయన బండి తిన్నగా బామ్మర్ది షాపు ముందు ఆగింది. బామ్మర్ది ఒక కొనుగోలుదారుకి క్లచ్ తీగ చుట్టి ఇస్తూ తలెత్తాడు.

“రా బావా! తిరిగావా అన్ని వీధులూ?”

“ఈ వారం అన్నీ తిరిగాను. దానికి ముందు రెండు వారాలు తిరగలేదు.”

“అంటే పందెం నేను సగం గెలిచినట్టా, ఓడినట్టా?”

“కరెంటు బండి అన్ని చోట్లా లాభమే అని నేను చెప్పను,” అన్నాడు సానాయన. అంత పొడుగు వాక్యం బావ నోట విని బామ్మర్ది క్లచ్ తీగ కింద పెట్టేశాడు. “రోజుకి వంద కిలోమీటర్లు తిరిగేవాడికి, అడగడానికి మనిషి దొరకని దారిలో పోయేవాడికి నీ పెట్రోలే మేలు. నాది ఇంటి చుట్టూ తిరిగే పని. ప్రతి గుమ్మంలోనూ గోడ ఉంది, గోడకి ప్లగ్గుంది. నాకిది చాలు. కౌంటరు దగ్గరికి నేను రాను.”

బామ్మర్ది క్లచ్ తీగ మళ్లీ అందుకుని చుట్టసాగాడు. “నీ కోసమే అన్నాను బావా.”

“తెలుసు. అందుకే నిన్నొకటి అడుగుదామని వచ్చాను.” ముక్కూమొహం తెలియనివాళ్లని అడగడం తేలికే. నెల రోజులు తనని ఆటపట్టించిన ఈ బామ్మర్దిని అడగడమే అన్నిటికన్నా కష్టం. “సాయంత్రం వంతెన ఎక్కేముందు నాకో అరగంట చార్జింగు కావాలి. నీ షాపు సరిగ్గా వంతెన మొదట్లో ఉంది. వారానికి రెండు రోజులు నీ ప్లగ్గు ఇస్తావా?”

“పెట్రోలు స్పేర్‌పార్ట్స్ షాపులో కరెంటు బండికా? నలుగురూ చూస్తే నవ్వుతారు బావా!”

“ఇస్తావా, ఇవ్వవా? ఇవ్వనన్నా పర్వాలేదు.”

బామ్మర్ది అతని ముఖంలోకి చూశాడు. ఇవ్వనన్నా నిజంగానే పర్వాలేదన్నట్టు ఉందా ముఖం. ఇంతకన్నా ఆశ్చర్యం లేదనుకుని, నడుం వంచి మూలకి దూరాడు. అక్కడ ఇంజనాయిలు డబ్బాలు నడుమెత్తున పేర్చి ఉన్నాయి.

“ఈ వెనకాలెక్కడో ఒక ప్లగ్గు ఉండాలి. షాపు పెట్టిన కొత్తలో చూసినట్టు గుర్తు,” అని గొణుక్కుంటూ డబ్బాలు ఒక్కొక్కటీ తీసి వెనక్కి అందించడం మొదలుపెట్టాడు. “ఊరికే నిలబడతావేంటి బావా, పట్టుకో!”

సానాయన మోకాలు చూసుకుంటూ మెల్లగా వంగి, మొదటి డబ్బా అందుకున్నాడు.