తాడు కట్టిన పీట

సోమవారం పొద్దున బస్సులోంచి పీట దిగింది గానీ, దించిన చెయ్యి మా పాత కండక్టరుగారిది కాదు. ఎవరో కొత్త కండక్టరు. ఎక్కి కూర్చున్నాక, పెద్దాయనకు సెలవా అని అడిగాను. అతను టిక్కెట్ల పెట్టె మూసి నా వైపు తిరిగాడు.

"నిన్న సాయంత్రం చనిపోయారండి. టీ తాగుతా తాగుతా పక్కకి ఒరిగిపోయారంట."

నేను నమ్మలేదు. శనివారం నాచేత మాటలు పడ్డ మనిషి ఆదివారం చనిపోవడమేమిటి? ఇంకొకరెవరో అయి ఉంటారని పేరు చెప్పమన్నాను. చెప్పాడు. ఆయనే.

గుంటూరు నుంచి పెదకాకాని పోయే బస్సు ఎక్కినవారికి మా కండక్టరుగారు గుర్తుండే ఉంటారు. మిరపకాయల కాలంలో మార్కెట్ యార్డు నుంచి వచ్చేవాళ్ళు ఎక్కితే బస్సంతా తుమ్ములే. ఆయన ఒక్కొక్క తుమ్ముకీ "చిరంజీవ" అంటూ టిక్కెట్టు చింపేవారు. ముసలివాళ్ళయినా సరే, ఆ దీవెన తప్పేది కాదు.

నేను పెదకాకాని బడిలో టీచర్ని. చిన్నప్పుడు పోలియో వచ్చి ఎడమకాలు చచ్చుబడింది. చంకకర్ర ఉంటే నడుస్తాను, బస్సు మెట్టు మాత్రం ఎక్కలేను. ఎవరో ఇద్దరు రెక్కలు పట్టుకుని, బస్తాను లాగినట్టు నన్ను పైకి లాగేవారు. రోడ్డు బాగుచేస్తామని మా స్టాపు దగ్గర తవ్వాక ఆ మెట్టు ఇంకో జానెడు పైకి పోయింది. మెట్టు కిందికి పెట్టించమని పై ఆఫీసుకు అర్జీ పెట్టాను. బస్సులన్నీ ఒకే కొలతకు కడతారు, మార్చడం కుదరదని జవాబొచ్చింది. ఇక ఉద్యోగం మానుకోవడమే అనుకుంటూ ఆ కాగితం కండక్టరుగారికి చూపించాను. చదివి, మడిచి ఇచ్చేశారు.

"బస్సు కిందికి రానంటే నేలే పైకి రావాల గదమ్మా," అన్నారు.

మర్నాడు వాళ్ళావిడ కూర్చుని పిండి రుబ్బుకునే ఎత్తుపీట తెచ్చారు. దానికి బెజ్జం పెట్టి తాడు కట్టారు. స్టాపు రాగానే "హోల్డాన్" అని అరిచి పీట దించేవారు. నేను ఎక్కాక పైకి లాగి, సీటు కిందికి తోసి, "రైట్" అనేవారు. ఆయన నోటివెంట ఆ మాట వస్తేగాని బస్సు కదిలేది కాదు. చెకింగుకు వచ్చినాయన ఇదేమిటని నిలదీస్తే, బస్సు మెట్టేనండీ, కాస్త విడిగా ఉంది, అని సమాధానం చెప్పారు. అలా ఆరేళ్ళు. నేను ఇవాళ్టికీ టీచర్నంటే ఆ చెక్కముక్క వల్లే.

ఈ ఎనభైల్లో గుంటూరులో ఆటోలు ఎక్కువయ్యాయి. తొందరపడేవాళ్ళంతా వాటికి అలవాటు పడుతున్నారు. బస్సులో మిగిలినవాళ్ళకు కూడా ఆ తొందర అంటుకుంది. బస్సు పుట్టింది ఎక్కేవాళ్ళ కోసం, పోవడం ఆ తర్వాత, అని కండక్టరుగారు ఎన్నిసార్లు చెప్పినా వినేవాళ్ళు తగ్గిపోయారు. శనివారం ఒకాయన గడియారం చూసుకుని, ఈ పీట భాగోతం అయ్యేసరికి ఆఫీసు మూసేస్తారు, అన్నాడు. నలుగురూ నవ్వారు. నాకు కోపం ముక్కుమీదే ఉంటుంది. అన్నవాణ్ణి వదిలేసి కండక్టరుగారి మీద విరుచుకుపడ్డాను. నన్ను నలుగురిలో నవ్వులపాలు చేశారన్నాను. సోమవారం నుంచి ఆటోలో పోతాను, ఆ పీట ఇంటికి పట్టుకుపొమ్మన్నాను.

"అట్నే కానీండి టీచరమ్మా," అన్నారు. అంతే. నేను దిగేటప్పుడు ఎప్పటిలాగే పీట దించారు. నేను వెనక్కి తిరిగి చూడలేదు.

సోమవారం, మాట్లాడుకున్న ఆటో రాలేదు. సిగ్గు చంపుకుని స్టాపుకొచ్చాను.

ఈ పీట ఇంకా ఇక్కడెందుకుందని కొత్త కండక్టర్ని అడిగాను.

"శనివారం డ్యూటీ దిగేటప్పుడు, మర్నాడు ఈ బండి నాదని నాకు అప్పజెప్పారండి. టీచరమ్మ రాకపోయినా దీన్ని తియ్యొద్దు, రోజూ పదిమంది ఎక్కుతున్నారు అన్నారు."

పదిమందా? ఆరేళ్ళుగా అది నా ఒక్కదాని కోసమే అనుకున్నాను. ఎక్కగానే కిటికీ వైపు తల తిప్పేసుకునేదాన్ని. ఆ తర్వాతి స్టాపుల్లో ఏం జరిగేదో ఒక్కనాడూ చూడలేదు. ఆయనకొక నమస్కారం పెట్టాలని కూడా తోచలేదు నాకు.

తర్వాతి స్టాపులో బస్సు ఆగింది. కొత్తతను ముందువైపు జనంలో ఇరుక్కుపోయాడు. కింద ఒక ముసలమ్మ కమ్మీ పట్టుకుని, నేల వైపు చూస్తూ నిలబడి ఉంది. గుమ్మం పక్క సీటు నాది. తాడు అందుకుని పీట దించాను. ఆవిడ మెల్లగా ఎక్కి, నా చేతిలో తాడు చూసింది.

"ఆయనేడమ్మా?" అంది.

పీట పైకి లాగాను. సీటు కిందికి తోశాను. ఆవిడకు నా పక్కన చోటిచ్చాను. "రైట్" అని ఇంకా ఎవరూ అనలేదు. బస్సు అక్కడే ఆగి ఉంది.